నెత్తురు మీద నెపం

పదకొండింటికి విచారణకు లోపలికి పిలుస్తామన్నారు. ఇప్పుడు పది దాటి ఐదు నిమిషాలైంది. ఆఫీసు వరండాలో మూడు ప్లాస్టిక్ కుర్చీలను ఒకే ఇనుప కమ్మీకి బిగించారు, నడిమి దానికి పగులుంది, కదిలినప్పుడల్లా తొడ దగ్గర బట్టను పట్టుకుని గిల్లుతుంది, అయినా నేను దాంట్లోనే కూర్చున్నాను, ఎందుకంటే ఫ్యాను గాలి దానికొక్కదానికే తగులుతుంది, ఈ మధ్య నాకు గాలి కావాలి, అందరికంటే ముందు కావాలి. ఒళ్ళో కవరు, కవరులో కాగితం, కాగితం కింద కంపెనీ డాక్టరు సంతకం. ఈమెకు నలభై తొమ్మిదేళ్ళు, వయసురీత్యా హార్మోన్లలో వస్తున్న మార్పుల వల్ల ఉద్రేకాల మీద అదుపు తప్పుతున్నది, సంఘటన జరిగిన రోజు చేసిన పనికి ఈమెను పూర్తి బాధ్యురాలిగా పరిగణించలేము. నాలుగుసార్లు చదివాను. పూర్తి బాధ్యురాలిని కానట. ఇరవై రెండేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌గా ఆరు ప్రెస్సు మిషన్లకూ వాటి ముందు నిలబడే వాళ్ళ చేతులకూ నన్నే పూర్తి బాధ్యురాలిని చేశారు, సెలవు అడిగినప్పుడల్లా ఆ మాటే గుర్తుచేశారు, ఇప్పుడు ఒక్క అద్దం పగిలేసరికి ఆ బాధ్యతంతా చెమటలాగా నా ఒంట్లోంచి కారిపోయిందట.

పొద్దున్నే గేటు దగ్గర యూనియన్ నాయకుడు నన్ను పక్కకు పిలిచి ఈ కవరు చేతిలో పెట్టాడు. మంచివాడే, నా తమ్ముడి ఈడు, నిద్ర లేని కళ్ళు. "అక్కా, లోపల నువ్వేం వాదించకు. ఈ కాగితం ఇచ్చి, ఒంట్లో బాగాలేదండీ అను చాలు. వార్నింగుతో వదిలేస్తారు. నేను మాట్లాడి ఉంచాను," అన్నాడు. "మరి నాలుగో ప్రెస్సు సంగతో?" అన్నాను. "అది తర్వాత చూద్దాంలే అక్కా. ముందు నువ్వు ఒడ్డున పడు," అన్నాడు. మా ఫ్యాక్టరీలో తర్వాత అనేది అడుగు లేని బావి, ఇప్పటిదాకా దాంట్లో పడ్డది ఏదీ తిరిగి పైకి రాలేదు. అతనికీ తెలుసు, అందుకే ఆ మాట అన్నప్పుడు నా వైపు చూడలేదు, చెప్పుతో నేల మీద ఏదో గీశాడు.

గోడ అవతల ప్రెస్సులు కొట్టుకుంటున్నాయి. కుర్చీ కాళ్ళలోంచి ఆ దెబ్బ నా వెన్నులోకి ఎక్కుతోంది. డబ్బాల మూతలు కొట్టే మిషన్లవి, ఒక్కోదానికి ఒక్కో గొంతు, కళ్ళు మూసుకుని చెప్పగలను ఏది ఏదో. ఒకటోది ముక్కుతుంది, రెండోది దిగేముందు ఒక్క క్షణం ఆలోచిస్తుంది, నాలుగోది, ఇదిగో, ఇది నాలుగోదే, నాలుగు సెకన్లకు ఒక దెబ్బ పడుతోంది. ఏడు పట్టాలి. మనిషికీ అచ్చుకూ మధ్య ఇనుప జాలీ తలుపు ఒకటి ఉంటుంది, అది పూర్తిగా మూసుకుంటేగానీ పై అచ్చు కిందికి దిగకూడదు, మూసుకుందో లేదో చూసుకోవడానికి పక్కన చిటికెన వేలంత మీట ఉంటుంది. ఆ మీటను తీగతో కట్టేస్తే తలుపు బార్లా తెరిచి ఉన్నా మూసుకుందనే మిషన్ నమ్ముతుంది. మూతకు మూడు సెకన్లు కలిసొస్తాయి. నాలుగు సెకన్లకు దెబ్బ పడుతోందంటే తీగ ఇంకా అలాగే ఉందన్నమాట. నన్ను బయట కూర్చోబెట్టి ఆరు రోజులైంది. ఆరు రోజులుగా దాని ముందు ఎవరో ఒకరు చేయి పెడుతూనే ఉన్నారు.

వస్తోంది. ముందు మెడ వెనక సన్నగా చురుక్కుమంటుంది, తర్వాత ఎవరో లోపల పొయ్యి వెలిగించినట్టు ఛాతీలోంచి ముఖంలోకి పాకుతుంది, చెవులు ఎర్రబడతాయి, పై పెదవి మీద చెమట పడుతుంది, గుండె దడదడా కొట్టుకుంటుంది, రెండు నిమిషాల తర్వాత తడిసిన బట్టల్లో వణుకు మిగుల్తుంది. డాక్టరు అబద్ధమేమీ రాయలేదు. ఏడాదిన్నరగా నా ఒళ్ళు నాతో చెప్పకుండా తన పనులు తాను చేసుకుంటోంది. పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ బిళ్ళ వేసుకుంటాను, అది మర్చిపోయిన వారం ఈగ వాలినా ఏడుపొస్తుంది. నాకు తెలియనిదా? కూతురు పుట్టిన అయిదో రోజు కారణం లేకుండా ఏడవడం మొదలుపెట్టి తొమ్మిది రోజులు ఏడ్చాను, పాలు పడుతూ ఏడ్చాను, పిల్ల నిద్రపోయిందని ఏడ్చాను, లేచిందని ఏడ్చాను, బొద్దుగా ఉండే నర్సొకామె వచ్చి నా పక్కన కూర్చుని, "ఇది నువ్వు కాదమ్మా, నీ ఒంట్లో ఉప్పెన. తగ్గుతుంది. తగ్గకపోతే నా దగ్గరికి రా," అంది. ఆ మాటకు ఈ రోజుకీ ఆవిడకు దండం పెడతాను. అప్పుడు నా ఏడుపుకి కారణం లేదు, అందుకే కారణం నా ఒంట్లో వెతికింది. పోయిన గురువారం నా కోపానికి కారణం ఉంది. అది నాలుగో ప్రెస్సు మీద తీగ చుట్టుకుని కూర్చుంది, కళ్ళున్న ఎవరికైనా కనబడుతుంది, దాన్ని వదిలేసి వీళ్ళు నా ఒంట్లో వెతుకుతున్నారు.

గురువారం మధ్యాహ్నం నాలుగో ప్రెస్సు మీద చిలక పనిచేస్తోంది. మాటలెక్కువని దానికి ఆ పేరు పెట్టింది నేనే. మిషన్ల మోతలో కూడా దాని గొంతు తీగలాగా సాగుతూ ఉంటుంది, ఇంటి సంగతులు, పక్కింటి సంగతులు, ఎవరూ వినరు, ఆగితే మాత్రం అందరికీ తెలుస్తుంది. మాట మధ్యలో ఆగింది. పరిగెత్తాను. కుడిచేతి గ్లవుజుకి చూపుడువేలి కొస లేదు. వేలుంది, గ్లవుజు కొసే లేదు. ఆ నీలం గుడ్డముక్క మూత మీద నొక్కుకుని అతుక్కుపోయి ఉంది. "అక్కా, వేలుందే, వేలుందే," అని చిలక నవ్వుతోంది, నవ్వు ఆపలేకపోతోంది, నా చేతిలో దాని చేయి తడిసిన పిట్టలా కొట్టుకుంటోంది. అప్పుడు చూశాను తీగను. వెళ్ళి మెయిన్ స్విచ్ లాగేశాను. ఆరు ప్రెస్సులూ ఒకేసారి నోరు మూసుకున్నాయి.

మేనేజరు తన అద్దాల గదిలోంచి బయటికొచ్చాడు. "ఎవరు ఆపారు?" "నేనేనండి. తీగ విప్పితేగానీ లైను నడవదు." "సాయంత్రం లారీ వస్తుంది. ఈ షిఫ్టు కానివ్వండి, రేపు విప్పిద్దాం." "ఈ షిఫ్టులోనే వేలు పోయేదండి." "పోలేదుగా," అన్నాడు, అని, నాతో కాదు, చుట్టూ ఉన్నవాళ్ళతో, ఇంట్లో మాట చెప్పుకుంటున్నట్టు చనువుగా, "మా ఇంట్లోనూ ఇదే గోలయ్యా. ఈ వయసొస్తే ఆడవాళ్ళకి తాడు కూడా పామే. ఏం చేస్తాం, హార్మోన్లు," అన్నాడు. ఇద్దరు నవ్వారు. ఇద్దరే, కానీ వాళ్ళలో ఒకడికి పని నేర్పింది నేను. మూడో ప్రెస్సు బల్ల మీద పానా ఉంది. అది నా చేతిలోకి ఎలా వచ్చిందో గుర్తుంది, బరువు గుర్తుంది, పిడి మీద జిడ్డు గుర్తుంది. మేనేజరు గది అద్దం పగిలిన చప్పుడుకి చిలక నవ్వు ఆగింది.

అబద్ధం చెప్పుకోను. ఆ పానా తీగ కోసం విసరలేదు. తీగ కోసం స్విచ్ లాగాను, అది న్యాయం, అక్కడితో ఆగవచ్చు. పానా ఆ మాట కోసం విసిరాను. అద్దం డబ్బు నా జీతంలో కోసుకోమని ఆ సాయంత్రమే చెప్పాను.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మకు కబురు తెలిసిపోయింది. మంచం మీద కూర్చుని నన్ను ఎగాదిగా చూసి, "అచ్చం మీ నాన్నే," అంది. అమ్మ గొంతులో భయం లేదు, తిట్టు లేదు, పాత అల్మారాలో పోయిన వస్తువు దొరికినప్పటి తృప్తి ఉంది. "ఆ రక్తం ఎక్కడికి పోతుంది!" అంది. అదే మాట నాయనమ్మ అనేది, మా ఇంటి మగాళ్ళ కోపం పాలపొంగే, పొంగుతుంది, చల్లారుతుంది అనేది, తాతదీ అంతే, ముత్తాతదీ అంతే అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేది, ఇంట్లో పతకాలున్నట్టు. పొంగినప్పుడు పొయ్యి పక్కన ఉన్నవాళ్ళ చేతుల సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. మగవాడి కోపానికి వంశం, ఆడదాని కోపానికి వయసు. నాకు మాత్రం రెండూ కట్టబెట్టారు, ఇంట్లో వంశం, ఫ్యాక్టరీలో వయసు, ఇక నాకంటూ మిగిలిందేమిటి?

నాన్న బట్టల దుకాణంలో కటింగ్ మాస్టరు. నాకు పదేళ్ళప్పుడు ఒకరోజు అన్నం డబ్బా మర్చిపోయాడని దుకాణానికి తీసుకెళ్ళాను. యజమాని అరుస్తున్నాడు, ఎవరిదో కోటు చేతులు పొట్టిగా వచ్చాయట, కొలత రాసింది యజమానే, చీటీ కూడా బల్ల మీదే ఉంది, నాకే కనబడుతోంది. నాన్న చేతులు కట్టుకుని, తల కొంచెం వంచి, నవ్వుతున్నాడు. ఆ నవ్వు నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. "పొరపాటైందండి, సర్దుతానండి," అంటున్నాడు. నన్ను చూశాడు, చూసినట్టు లేదు. ఆ సాయంత్రం ఇంట్లో గ్లాసు ఎగిరింది, గిన్నె ఎగిరింది, నా జామెట్రీ పెట్టె గోడకు తగిలి విచ్చుకుంది, వృత్తలేఖిని వంకరపోయింది. గిన్నె మూత అమ్మ కనుబొమకు తగిలింది. నెత్తురు చూసి నాన్న నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు, అమ్మ ఒక చేత్తో గుడ్డ అదుముకుని రెండో చేత్తో ఆయన వీపు నిమిరింది, "ఊరుకోండి, మీరేం చేస్తారు, మీ రక్తమే అంత," అంది. నేనూ అదే నమ్మాను. ఆయన పోయి ఏడేళ్ళయింది, పోయిన రోజు కూడా అదే నమ్మి ఏడ్చాను, పాపం నాన్న, తన నెత్తురుతో తానే యుద్ధం చేసి అలిసిపోయాడు అని.

ఇప్పుడు ఈ పగులు కుర్చీలో, ఈ గాలి కింద, ఆరు రోజులుగా నేను చేస్తున్న పనే మళ్ళీ చేస్తున్నాను, చేయి పైకెత్తిన ఆ ఒక్క క్షణాన్ని వెనక్కి తిప్పి చూసుకుంటున్నాను. ఒళ్ళు తెలియలేదా? పూనకమా? కాదు. చేయి ఎత్తాక నేను చూశాను. అద్దం వెనక బల్ల దగ్గర గుమాస్తా కూర్చుంటాడు, ఉన్నాడా అని చూశాను, కుర్చీ ఖాళీ. మేనేజరు అద్దానికి దగ్గరగా నిలబడ్డాడు, ముక్కలు ముఖాన పడతాయేమోనని నేను ఒక అడుగు కుడికి జరిగి అద్దం అవతలి కొసకు గురిపెట్టాను. అప్పుడు విసిరాను. గుండె దడదడలాడుతోంది, చెవుల్లో హోరు, ముఖం నిప్పుకణిక, హార్మోన్లు ఎంత చేయగలవో అంతా చేశాయి, అయినా ఆ అడుగు కుడికి వేసింది ఎవరు? థైరాయిడ్ వేసిందా, ముత్తాత వేశాడా? నేనే వేశాను.

అలాగైతే నాన్నా, నువ్వూ చూశావు. ఈ ఆలోచన నిన్న స్నానం చేస్తుంటే వచ్చింది, చెంబు చేతిలోనే ఉండిపోయింది. నీ కత్తెర గోడ మేకుకి వేలాడుతూ ఉండేది, మూరెడు కత్తెర, నీ చేతికి అన్నిటికంటే దగ్గర అదే, దాన్ని ఒక్కసారి కూడా విసరలేదు. నీ రేడియో విసరలేదు. విసిరినవన్నీ అమ్మవి, నావి. దుకాణంలో ఇస్త్రీపెట్టె ఉండేది, గజంబద్ద ఉండేది, ముందు నిలబడి తిట్టే మనిషి ఉండేవాడు, అక్కడ నీ నెత్తురు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బుద్ధిగా కూర్చునేది, మన వీధి మలుపు తిరిగాకే దానికి వంశం గుర్తొచ్చేది. కోపం నీకు మీ నాన్న ఇచ్చి ఉండవచ్చు, నాకు నువ్వు ఇచ్చి ఉండవచ్చు, కాదనను, నా బొటనవేలు కూడా నీదే, అచ్చం నీలాగే వెనక్కి వంగుతుంది. కానీ ఎవరి మీద అనేది మాత్రం నువ్వే ఎంచుకున్నావు. ఈ కవరు నేను లోపల ఇస్తే నీకూ ఒకటి రాసిచ్చినట్టే. అమ్మ కనుబొమ మీద మచ్చకు ఎవరూ బాధ్యులు కారని సంతకం పెట్టినట్టే. నలభై ఏళ్ళుగా నిన్ను క్షమిస్తూ వచ్చాను, దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను నాన్నా. ప్రేమ ఉంటుంది, అది నా చేతిలో లేదు. క్షమించడం నా చేతిలో ఉంది.

ఇంత తేలిగ్గా అనేస్తున్నానా, నేనేమైనా తక్కువ తిన్నానా? కూతురికి పద్నాలుగేళ్ళప్పుడు తలుపు విసిరి కొట్టి రెండు రోజులు మాట్లాడలేదు, నేను వంటగదిలోంచి నవ్వుతూ, "ఏంటమ్మా, రోజులు దగ్గరికొచ్చాయా?" అన్నాను. తలుపు తెరుచుకుంది. పిల్ల ముఖం తెల్లగా ఉంది. "రోజులు కాదు. నువ్వు నా డైరీ చదివావు," అంది. చదివాను. ఆ మేనేజరు నవ్విన నవ్వే నేనూ నవ్వాను, నా పిల్ల చేతిలో పానా లేదు కాబట్టి బతికిపోయాను. ఇప్పుడు దానికి పదిహేడు, జీవశాస్త్రం చదువుతోంది, నిన్న అన్నం దగ్గర నా చేయి పట్టుకుని తన బొటనవేలు నా బొటనవేలు పక్కన పెట్టి, "చూడు, ఇద్దరిదీ ఒకటే," అంది. "మరి కోపమో?" అన్నాను. "కోపానికి అంత తేలిక లెక్క ఉండదమ్మా. బోలెడు జన్యువులు తలా కొంచెం తోస్తాయంట. తర్వాత ఇంట్లో ఏం చూశాం, ఎవరేమన్నారు, అన్నీ కలుస్తాయంట." "అన్నీ కలిశాక నేనెక్కడ?" అన్నాను. "ఏమో. మా పరీక్షలో అది రాదు," అని నవ్వి, తర్వాత నవ్వు ఆపి, "రేపు ఏం చెప్తావమ్మా?" అంది. ఇంట్లో ఎవరేమన్నారు అనే ఖాతాలో రేపు నేను చెప్పేది కూడా పడుతుందని అప్పుడు తట్టింది.

పిలిచారు.

గదిలో ముగ్గురున్నారు, బల్ల వెనక పర్సనెల్ ఆఫీసరు, పక్కన మేనేజరు, మూల టైపు చేసే అమ్మాయి. కిటికీలు మూసి ఉన్నాయి. కూర్చోగానే మెడ వెనక చురుక్కుమంది, ఇప్పుడే రావాలా, ఇప్పుడే వచ్చింది, ముఖం మండిపోతోంది, చెమట కణతల మీదుగా గడ్డం దాకా జారుతోంది, ముగ్గురూ చూస్తున్నారు, మేనేజరు ఆఫీసరు వైపు తల తిప్పి కనుబొమలు ఎగరేశాడు, చూశారుగా అన్నట్టు. తుడుచుకోలేదు. "సర్టిఫికెట్ తెచ్చారా అమ్మా?" అన్నాడు ఆఫీసరు, మెత్తగానే. "తెచ్చానండి. ఇవ్వను," అన్నాను. "అందులో రాసిన జబ్బు నిజమే. ఇప్పుడు కూడా ఒళ్ళు కాలిపోతోంది, మీకు కనబడుతూనే ఉంది. మీరు నా ముఖం చూసి ఏమైనా అనుకోండి, కానీ ఇది మాత్రం రాసుకోండి. నాలుగో ప్రెస్సు మీటకి తీగ కట్టారు. ఈ నిమిషం కూడా కట్టే ఉంది, ఏడు సెకన్లకు పడాల్సిన దెబ్బ నాలుగుకే పడుతోంది, గోడకి చెవి పెట్టి లెక్కపెట్టండి. స్విచ్ నేను ఆపాను. అద్దం నేను పగలగొట్టాను, ఆ మాట అన్నందుకు పగలగొట్టాను. రెండూ నేనే చేశాను, మా నాన్న చెయ్యలేదు, నా వయసు చెయ్యలేదు." టైపు చప్పుడు ఆగింది. "ఇది కూడా కొట్టాలా సార్?" అంది ఆ అమ్మాయి. "అక్కర్లేదు," అన్నాడు మేనేజరు. చెవి పెట్టాల్సిన పని లేకుండానే గోడలోంచి దెబ్బలు వినబడుతున్నాయి, ఆఫీసరు చూపుడువేలు బల్ల మీద నెమ్మదిగా కదులుతోంది, ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. "కొట్టమ్మా," అన్నాడు. తర్వాత ఫోను తీసి, నాలుగో మిషన్ ఆపమని కింద ఎవరికో చెప్పాడు.

నన్నేమీ వదిలిపెట్టలేదు. ఆస్తి నష్టం ఆస్తి నష్టమేనన్నాడు, నెల రోజులు సస్పెన్షన్, తిరిగొచ్చాక ప్యాకింగ్‌లో పని, సూపర్‌వైజర్ హోదా ఉండదు. ఇరవై రెండేళ్ళు ఒక్క వాక్యంలో అయిపోయాయి, కుర్చీ చేయి పట్టుకున్నాను. ఒక తెల్లకాగితం నా ముందుకు జరిపాడు. "ఇలాంటిది మళ్ళీ జరగదని రాసి సంతకం పెట్టండి. అంతే, వెళ్ళిపోవచ్చు." పెన్ను తీసుకున్నాను. చెమట చుక్క ఒకటి కాగితం మీద పడితే దాని పక్కనుంచి మొదలుపెట్టాను. అద్దాలు పగలగొట్టను, అది తప్పు, ఒప్పుకుంటున్నాను. తీగ మళ్ళీ కడితే స్విచ్ మళ్ళీ ఆపుతాను, నేను ఏ సెక్షన్లో ఉన్నా వచ్చి ఆపుతాను. కింద సంతకం, తేదీ. ఆఫీసరు తన వైపు తిప్పుకుని చదివాడు, కళ్ళజోడు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఏం రాశారో తెలుస్తోందా అమ్మా?"

"తెలిసే రాశానండి," అన్నాను.